కొండాపూర్‌కు ఏ చట్టం అడ్డొచ్చింది?

దేశంలో కష్టం చేసి బతికేవాళ్లలో నూటికి తొంభై మంది దాకా అసంఘటిత రంగంలోనే ఎందుకు మిగిలిపోయారని అడిగితే, ముప్ఫై ఏళ్లుగా ఒకటే జవాబు వినిపిస్తోంది. మన కార్మిక చట్టాలు మరీ బిగుతుగా ఉన్నాయి. పనిలో పెట్టుకున్న మనిషిని తీసేయడానికి సవాలక్ష అనుమతులు కావాలి గనుక యజమాని పెట్టుకోవడానికే జంకుతాడు. కంపెనీలు పెరగకుండా చిన్నగానే ఉండిపోతాయి. మిగిలిన జనం కాంట్రాక్టర్ల కిందా అడ్డాల మీదా పడతారు. కాబట్టి చట్టాలు సడలిస్తే కొలువులు పెరుగుతాయి, పెరిగిన కొలువులు వాటంతటవే ఒక పద్ధతిలో పడతాయి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు కూడా వాటికి మద్దతుగా వినిపించిన ప్రధాన వాదన ఇదే.

ఈ మాట అనేవాళ్లంతా కూలీల మీద కక్ష ఉన్నవాళ్లు కారు. పేదవాడికి స్థిరమైన ఉద్యోగం దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకునే ఆర్థికవేత్తలు కూడా వాళ్లలో ఉన్నారు. అందుకే ఈ వాదనను తీసిపారేయకుండా, అది చెప్పినదాన్ని చెప్పినట్టే తీసుకుని పరీక్షించాలి. చట్టం బిగువు అసలు తగలని చోటు ఒకటి దొరికితే, అక్కడ పాతికేళ్లు డబ్బు వరదలా పారి ఉంటే, ఆ చోట అసంఘటిత పని కరిగిపోయి ఉండాలి. అలాంటి చోటు మనకు ఉంది. అది హైదరాబాద్‌లోని కొండాపూర్.

పారిశ్రామిక వివాదాల చట్టం 1947 నాటిది. సంస్కరణవాదులు వేలెత్తి చూపేది దానిలోని 5-బి అధ్యాయాన్ని. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో దాన్ని చేర్చారు. మొదట 300 మంది, 1982 సవరణ తర్వాత 100 మంది ఉన్న సంస్థ ఎవరినైనా తొలగించాలన్నా, మూతపడాలన్నా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని అది చెప్పింది. కానీ ఆ అధ్యాయం వర్తించింది మూడింటికే: ఫ్యాక్టరీలు, గనులు, తోటలు. కొండాపూర్‌లో ఉన్నవేమిటి? సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, హోటళ్లు, మాల్స్, ఆస్పత్రులు, కట్టుబడిలో ఉన్న టవర్లు. ఇక్కడ పనిచేసే ఏ గార్డునూ, ఏ హౌస్‌కీపింగ్ ఆడమనిషినీ, ఏ తాపీ మేస్త్రీనీ, ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినీ ఆ అధ్యాయం ఒక్కరోజు కూడా కాపాడలేదు. దేశమంతటా ఉద్యోగాలను మింగేసిందని చెబుతున్న ఆ అధ్యాయం కొండాపూర్ పొలిమేరల్లోకే రాలేదు.

ఇది చాలదన్నట్టు ఉన్న చట్టాలను కూడా ఒక్కొక్కటిగా పక్కకు జరిపారు. పక్కనే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఐటీ సంస్థలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి మినహాయింపు వచ్చింది. మామూలు తనిఖీలు ఉండవు, చట్టం పాటిస్తున్నామని సంస్థే రాసిస్తే సరిపోతుందన్నారు. ఆ మినహాయింపును తర్వాతి ప్రభుత్వాలు కూడా పొడిగిస్తూ వచ్చాయి.

అన్నిటికన్నా పెద్దది 2003లో జరిగింది. దాని గురించి మనవాళ్లు ఎందుకో మాట్లాడరు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. ఏడాది పొడుగునా జరిగే పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీన్ని సవరించింది. సంస్థకు అసలైన పని వేరు, మిగతా పనులు వేరు అని గీత గీసింది. గీతకు అవతల ఏమేం పడ్డాయో చూడండి: పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీను, ఎత్తుడు దించుడు, తోటపని, హౌస్‌కీపింగ్, రవాణా. మామూలుగా ఇవన్నీ కాంట్రాక్టరుకు వదిలేయొచ్చు. ఆ జాబితా చదువుతుంటే ఎవరో కొండాపూర్ మెయిన్ రోడ్డు మీద నడుస్తూ కనిపించిన ప్రతి మనిషి పనినీ రాసుకున్నట్టు ఉంటుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు కూడా ఇదే వారసత్వంగా వచ్చింది. 2020 కోడ్‌లో కేంద్రం పెట్టినది దాదాపు ఈ గీతే. అంటే దేశం ఇప్పుడు మొదలుపెడుతున్న ప్రయోగాన్ని మనం రెండు దశాబ్దాల కిందటే మొదలుపెట్టాం. ఫలితం కోసం ఎదురుచూడనక్కర్లేదు, కళ్లముందే ఉంది.

పొద్దున ఆరున్నరకు ఈ ప్రాంతంలో ఏ అడ్డా దగ్గరికైనా వెళ్లి చూడండి. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. పార, గంప, తాపీ, గుండు దారం. సద్ది కట్టిన స్టీలు డబ్బా సంచిలో ఉంటుంది. ఒక బైకు ఆగగానే పదిమంది చుట్టుముడతారు. “ఏం పని?” “స్లాబుకు మాల్ మోసుడు.” “ఎంతిస్తవన్నా?” అతను ఒక రేటు చెబుతాడు, వీళ్లు ఒక రేటు చెబుతారు. ఏడు గంటలకు కుదరని బేరం ఎనిమిదిన్నరకు కుదురుతుంది, ఎందుకంటే అప్పటికి కూలీ దిగొస్తాడు. తొమ్మిది దాటాక మిగిలినవాళ్లలో కొందరు సగం కూలికైనా ఎక్కి కూర్చుంటారు. పది తర్వాత ఇంకా నిలబడ్డవాళ్లు ఇంటిదారి పడతారు, ఆ రోజు బస్సు కిరాయి కూడా చేతి నుంచే.

ఇంతకన్నా వెసులుబాటు ఉన్న శ్రమ మార్కెట్ ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? రోజూ పొద్దున నియామకం, రోజూ సాయంత్రం తొలగింపు. నోటీసు లేదు, పరిహారం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గిరాకీని బట్టి రేటు గంటగంటకూ మారుతుంది. పాఠ్యపుస్తకం కోరే షరతులన్నీ ఇక్కడ నెరవేరాయి. పైగా ఈ అడ్డా ఉన్నది కరువు పట్టిన ఊళ్లో కాదు, దేశంలోనే అతి వేగంగా భవనాలు లేచిన ప్రాంతాల్లో ఒకదాని నడుమ. వాదన నిజమైతే ఈ పాతికేళ్లలో అడ్డా కూలీలు ఏదో ఒక కంపెనీ మస్టరు రోల్‌లోకి ఎక్కి ఉండాలి. అడ్డా ఖాళీ అయి ఉండాలి. అది ఖాళీ కాలేదు. తండ్రి నిలబడ్డ చోటే కొడుకు నిలబడుతున్నాడు.

అడ్డా మీద దొరికే కూలీని తెచ్చి వాడుకోవడం ఇంత సులువైనప్పుడు, యజమాని అతన్ని ఎందుకు పర్మినెంటు చేస్తాడు? తప్పనిసరి అయినప్పుడు చేస్తాడు, లేదా మనుషులు దొరకనప్పుడు చేస్తాడు. చట్టం అడగకపోతే, అవతల ఇంకో పదిమంది నిలబడి ఉంటే ఎవరూ చెయ్యరు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల చేతికింద అడ్వాన్సులకు అమ్ముడుపోయి దేశమంతటా ఆనకట్టలు కట్టిన రోజుల నుంచీ ఇదే నడుస్తోంది. వాళ్లను తీసేయడం కష్టమని ఏ కాంట్రాక్టరూ ఏనాడూ బాధపడలేదు. అయినా వాళ్లకు కొలువులు రాలేదు.

ఇక రెండో సంగతి. అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది: కార్మికుడి ఖర్చు పెరిగితే పెట్టుబడి పారిపోతుంది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ విషయంలో ఈ భయానికి కొంత ఆధారం ఉంది. చొక్కా బంగ్లాదేశ్‌లో కుట్టినా, వియత్నాంలో కుట్టినా కొనేవాడికి ఒకటే. కానీ కొండాపూర్ గేటు దగ్గర కాపలా కాసే మనిషి కొండాపూర్ గేటు దగ్గరే ఉండాలి. తొమ్మిదో అంతస్తు బాత్రూం కడగడానికి మనిషి ఆ తొమ్మిదో అంతస్తుకే రావాలి. బిర్యానీ పార్సిల్‌ను హనోయ్ నుంచి పంపలేరు. ఈ పనులు ఎక్కడికీ పోవు. ఇక్కడి ఆఫీసులు నిలబడింది హౌస్‌కీపింగ్ మనిషికి పీఎఫ్ ఎగ్గొట్టినందువల్ల కాదు. ప్రభుత్వం ఇచ్చిన భూమి, వేసిన రోడ్లు, రెండు తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి వచ్చిన ఇంజనీర్లు, అమెరికా మార్కెట్ గిరాకీ కలిసి వాటిని నిలబెట్టాయి. అమెరికా క్లయింటు తన ప్రాజెక్టు హైదరాబాద్‌కు ఇవ్వాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు గేటు దగ్గర గార్డుకు ఈఎస్ఐ కార్డు ఉందా అని చూడడు. ఉన్నా ఆ కారణంగా ప్రాజెక్టు పోదు.

గార్డుల సంగతి కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ యజమాని ఎవరో దూరంగా ఉన్న పెట్టుబడిదారుడు కాదు. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో చాలామంది యజమానులే. గేటెడ్ కమ్యూనిటీ అసోసియేషన్ మీటింగులకు వెళ్లినవాళ్లకు ఇది తెలిసిందే. సెక్యూరిటీ ఏజెన్సీ కాంట్రాక్టు రెన్యూవల్‌కు వస్తుంది, బల్లమీద మూడు కొటేషన్లు ఉంటాయి. ఒకదానిలో రేటు ఎక్కువ. ఎందుకని అడిగితే “పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ కలిపే వేశాం సార్” అంటాడు ఏజెన్సీ మనిషి. “అవి లేకుండా ఎంతకు చేస్తారు?” అని సభ్యుల్లో ఒకరు అడుగుతారు. గదిలో ఎవరూ అభ్యంతరం చెప్పరు. అక్కడున్నవాళ్లందరి జీతాల్లోంచీ నెలనెలా పీఎఫ్ కట్ అవుతూనే ఉంటుంది.

ఆ ఖర్చు ఎంతో లెక్క వేద్దాం. 500 ఫ్లాట్ల కమ్యూనిటీ అనుకోండి, 30 మంది గార్డులు, మనిషికి నెలకు 15,000 జీతం. ఈఎస్ఐకి యజమాని వాటా నూటికి 3.25 రూపాయలు. ఒక్కో గార్డుకు 487 రూపాయల 50 పైసలు, ముప్ఫై మందికి 14,625. ఫ్లాటుకు పంచితే నెలకు 30 రూపాయలు కూడా రాదు. ఆ ముప్ఫై రూపాయలతో ముప్ఫై కుటుంబాలకు ఆస్పత్రి, మందులు, జబ్బు చేసిన రోజుల్లో కొంత జీతం దొరుకుతాయి. ఇది ఉద్యోగాలను తరిమేసే భారం అని ఎవరైనా నా ముందు కూర్చుని వాదించగలరా?

ఇంకొక లెక్క ఉంది. దానితో అసలు వాదనే తలకిందులవుతుంది. ఇరవై నాలుగు గంటల కాపలాకు ఎనిమిదేసి గంటల చొప్పున మూడు షిఫ్టులు కావాలి. ఇక్కడ ఎక్కడ చూసినా రెండే షిఫ్టులు, పన్నెండేసి గంటలు. రిలీవర్ రాకపోతే అదే మనిషి డబుల్ డ్యూటీ కొడతాడు, తెల్లారేసరికి కుర్చీలో కూర్చునే కునుకు తీస్తాడు. మన కమ్యూనిటీ సీసీటీవీలో అది చూసి ఏజెన్సీకి ఫైన్ వేస్తుంది, ఏజెన్సీ దాన్ని అతని జీతంలో కోస్తుంది. మూడు షిఫ్టులు పెట్టి ఉంటే ఆ 30 మంది స్థానంలో 45 మంది ఉండేవాళ్లు. పనిగంటలను గాలికి వదిలేసినందువల్ల ప్రతి మూడు కొలువుల్లో ఒకటి మాయమైంది. చట్టం సడలిస్తే ఉద్యోగాలు పెరుగుతాయనేవాళ్లు ఆ మూడో మనిషి ఎక్కడికి పోయాడో చెప్పాలి. అతన్ని తిరిగి పెట్టుకోవడానికి అదే జీతం లెక్కన ఫ్లాటుకు నెలకు 450 రూపాయలు అదనంగా పడుతుంది. కోటి రూపాయలు దాటిన ఫ్లాట్ల గురించి మాట్లాడుతున్నాం. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతిస్తూ జీవో ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి కాగితం మీద అలాగే ఉంది. పన్నెండు గంటలనే ఆపలేని యంత్రాంగం ఆ వారం పరిమితిని కాపాడుతుందని నమ్మడానికి ఆధారమేమీ కనిపించదు.

“ఇదంతా ఒక్క ప్రాంతం కథ, పరిశోధనలు వేరే చెబుతున్నాయి” అనే జవాబు వస్తుందని తెలుసు. ఆ పరిశోధనల్లో అందరూ ఉదహరించేది ఒకటే: లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన టిమ్ బెస్లీ, రాబిన్ బర్జెస్ 2004లో ప్రచురించిన పత్రం. పారిశ్రామిక వివాదాల చట్టానికి రాష్ట్రాలు చేసిన సవరణలను వాళ్లు లెక్కగట్టి, కార్మికుల వైపు మొగ్గినవి, యజమానుల వైపు మొగ్గినవి అని రాష్ట్రాలను విడగొట్టారు. కార్మికుల వైపు మొగ్గిన చోట పరిశ్రమలు దెబ్బతిన్నాయని తేల్చారు. ఆ పట్టికలో మన ఆంధ్రప్రదేశ్ ఎక్కడుందో తెలుసా? యజమానుల వైపు. గుజరాత్ ఉన్నది కార్మికుల వైపు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేసిన ఆదిత్య భట్టాచార్జీ ఈ విచిత్రాన్ని తవ్వి చూశారు. గుజరాత్‌కు ఆ ముద్ర పడింది ఒకే ఒక్క సవరణ వల్ల. యాజమాన్య, కార్మిక ఉమ్మడి మండలికి యజమాని తన ప్రతినిధిని పంపకపోతే రోజుకు 50 రూపాయల జరిమానా అనేది ఆ సవరణ సారం. దేశ విధానాన్ని మలిచిన వాదనకు పునాది ఇంత పలచన. మన రాష్ట్రం యజమానుల వైపు ఉందన్న వాళ్ల లెక్క నిజమే అనుకున్నా, అందువల్ల కూలీకి ఒరిగిందేమిటో ఇంతకు ముందే చూశాం. ప్రపంచ బ్యాంకు కూడా 2013 నివేదికలో చట్టాల బిగువు మరీ అతిగానో మరీ తక్కువగానో లేనంతవరకు ఉద్యోగాల మీద వాటి ప్రభావం స్వల్పమేనని ఒప్పుకుంది. ఆ మాటను మాత్రం ఇక్కడ ఎవరూ ఉదహరించరు.

ఫ్యాక్టరీలనే తీసుకున్నా, 2000 ప్రాంతంలో ఐదో వంతుగా ఉన్న కాంట్రాక్టు కార్మికుల వాటా ఇప్పుడు నూటికి 40 దాటింది. చట్టం కదలనివ్వని రోజులని చెప్పే కాలంలోనే ఇది రెట్టింపయింది. చట్టానికి భయపడే యజమానులు కాంట్రాక్టు దారి పట్టారని అంటారు. అలా అయితే ఆ భయమే లేని కొండాపూర్ ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు కూడా అదే దారి ఎందుకు పట్టాయి? చౌక గనుక, అడిగేవాడు లేడు గనుక.

డెలివరీ కుర్రాళ్ల విషయంలో ఈ వాదన కొత్త బట్టలు వేసుకుని వచ్చింది. వాళ్లు ఇష్టమైనప్పుడు లాగిన్ అవుతారు, వద్దనుకుంటే ఫోన్ ఆపేస్తారు, ఈ స్వేచ్ఛ వాళ్లకే నచ్చింది అంటున్నారు. కొందరికి నచ్చిందన్నది నిజం. చదువుకుంటూ సాయంత్రం నాలుగు గంటలు బండి నడిపే కుర్రాడికి అది పనికొస్తుంది. కానీ దాని మీదే ఇల్లు గడిచే మనిషిని అడగండి. ఇన్సెంటివ్ రావాలంటే ఇన్ని ఆర్డర్లు కొట్టాలి, రాత్రి పీక్ అవర్స్‌లో ఉండి తీరాలి, వానలో కూడా ఉండాలి. రేట్ కార్డు ఎప్పుడు మారుతుందో తెలియదు, మారాక చెబుతారు. కస్టమర్ ఒక్క ఫిర్యాదు చేస్తే ఐడీ బ్లాక్. ఎవరికి మొరపెట్టుకోవాలంటే యాప్‌లోని చాట్‌కు. పెట్రోలు, సర్వీసింగు, ఫోను, ప్రమాదం, అన్నీ అతనివే. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన ఒక యువకుడు, కుక్క మీదికి రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. పనిలో ఉండగా పోయిన ప్రాణమే అది. అయినా అతన్ని ఉద్యోగి అని పిలిచే చట్టం లేదు. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, కంపెనీలు అందించాల్సింది ప్రజల ఖజానా అందించింది.

నీతి ఆయోగ్ లెక్క ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షల మంది, 2029-30 నాటికి 2.35 కోట్లు. ఇంతమందిని భాగస్వాములనే పేరుతో చట్టానికి బయట నిలబెట్టడం చిన్న సంగతి కాదు. గిగ్ కార్మికులు 2025 డిసెంబరు చివర సమ్మెకు దిగారు. జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవియా కంపెనీలను పిలిపించి మాట్లాడాక పది నిమిషాల డెలివరీ అన్న ప్రచారం ఆగింది. అంతకు ముందు రోజు దాకా ఆ పది నిమిషాలు లేకపోతే వ్యాపారమే లేదన్నట్టు చెప్పారు. వ్యాపారం ఎక్కడికీ పోలేదు.

వెసులుబాటు అంటే ఎవరికి వెసులుబాటో 2020 మే 1 తెల్లవారుజామున తేలింది. లాక్‌డౌన్ మొదలై అయిదు వారాలు దాటింది. రెండు రోజుల ముందు కందిలో ఐఐటీ హైదరాబాద్ కట్టడంలో ఉన్న వలస కూలీలు తమను ఇళ్లకు పంపాలని రోడ్డెక్కారు, పోలీసులతో ఘర్షణ అయింది. మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు దాదాపు 1,200 మందితో లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. లింగంపల్లి కొండాపూర్‌కు పొరుగూరే. ఈ టవర్లు కట్టిన చేతులే ఆ రైలు ఎక్కాయి. ఆ రైలు దొరకని లక్షల మంది ఎండలో నడిచారు. వలస కూలీల నమోదు కోసం 1979లోనే చట్టం చేశాం. అది అమలై ఉంటే ఎవరు ఎక్కడ, ఏ కాంట్రాక్టరు కింద ఉన్నారో పేర్లతో సహా తెలిసి ఉండేది. వాళ్లకు బియ్యం, కూలి బాకీ ఇప్పించడానికి జాబితా ఉండేది. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఎంతమంది వలస కూలీలు చనిపోయారో తమ దగ్గర లెక్క లేదని కేంద్రం చెప్పింది. పని ఉన్నప్పుడు పిలవడం, లేనప్పుడు వదిలేయడం యజమానికి వెసులుబాటే. ఆ వదిలేసిన రోజుల్లో కూలీ తినాల్సిన అన్నం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు సడలింపు వాదుల దగ్గర నాకు ఎప్పుడూ జవాబు దొరకలేదు. డెన్మార్క్‌లో ఉద్యోగిని తీసేయడం సులువేనని వాళ్లు ఉదాహరణ చెబుతారు. పని పోయినవాడికి అక్కడ నెలల తరబడి చేతికందే నిరుద్యోగ భృతి ఊసెత్తరు.

బ్రెజిల్ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. అక్కడి కార్మిక చట్టాల సంపుటి 1943 నాటిది, మన చట్టాలకన్నా బిగుతైనదని పేరు. 2003 తర్వాత పదేళ్లలో ఆ చట్టాలు అలాగే ఉండగా, కనీస వేతనం ఏటేటా పెరుగుతుండగా, నమోదైన ఉద్యోగాలు పెద్ద ఎత్తున పెరిగాయి. గిరాకీ ఉంది, ప్రభుత్వానికి అమలు చేసే పట్టుదల ఉంది. 2017లో ఉద్యోగాలు పెరుగుతాయన్న మాట మీద చట్టాలు సడలించారు. రెండేళ్ల తర్వాత కూడా అసంఘటిత కార్మికుల వాటా నూటికి 40 దగ్గరే ఉంది.

కొత్త కోడ్‌లన్నీ చెడ్డవని నేను అనను. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలనడం మంచి మాట. నెలజీతం మీద పనిచేసేవాళ్లలోనే సగానికి పైగా చేతిలో అలాంటి కాగితం లేని దేశం మనది. గిగ్ కార్మికుల పేరు మొదటిసారి కేంద్ర చట్టంలోకి ఎక్కింది, కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి రెండు శాతం వాళ్ల సంక్షేమానికి ఇవ్వాలన్నారు. ఇవి కార్మికులు పోట్లాడి తెచ్చుకున్నవి. కానీ అదే చేత్తో కాంట్రాక్టు చట్టం వర్తించే పరిమితిని 20 మంది నుంచి 50 మందికి పెంచారు. తొలగింపు అనుమతి పరిమితిని 100 నుంచి 300కు పెంచారు. ఇన్‌స్పెక్టరును సహాయకుడిగా మార్చారు. చిన్న అపార్ట్‌మెంట్లకు గార్డులను ఇచ్చే ఏజెన్సీల్లో చాలావాటికి యాభై మంది ఉండరు. నియామక పత్రం ఇవ్వాలని రాసి, ఇచ్చారో లేదో చూసే మనిషిని తీసేస్తే ఆ హక్కు ఎవరి చేతికీ రాదు.

మన రాష్ట్రంలో చట్టం ఎలా నీరుగారుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టం చెప్పింది. తెలంగాణ వచ్చాక 2021 జూన్‌లో సెక్యూరిటీ సర్వీసులు, భవన నిర్మాణం సహా ఐదు రంగాలకు సవరించిన వేతనాల జీవోలు వెలువడ్డాయి. గెజిట్‌లో అచ్చు కాలేదు. గెజిట్‌లో రాని జీవో అమలు కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి అడ్డుపడినట్టయింది. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ ఏళ్లన్నిటిలో కొండాపూర్ గేట్ల దగ్గర నిలబడ్డ ప్రతి గార్డూ, ఈ టవర్లకు ఇటుక మోసిన ప్రతి కూలీ నష్టపోయారు. ఇక్కడ కూలీని దెబ్బతీసింది బిగుతైన చట్టం కాదు, అచ్చు కాని చట్టం.

చేయాల్సినవి పెద్ద సిద్ధాంతాలు కావు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. రోజుకో మేస్త్రీ కింద పనిచేసే అడ్డా కూలీ ఆ రుజువు ఎవరి దగ్గర తెచ్చుకుంటాడు? కట్టుబడి ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు బిల్డర్ల నుంచి వసూలవుతూనే ఉంది. ఆ డబ్బుతోనే ప్రతి అడ్డా దగ్గర ఒక షెడ్డు, ఒక నల్లా, ఒక మరుగుదొడ్డి, పొద్దున ఆరు నుంచి పది దాకా కూర్చునే ఒక గుమాస్తాను పెట్టొచ్చు. ఎవరు ఎవర్ని ఏ పనికి తీసుకెళ్లారో అతను రాసుకుంటే ఆ రాతే 90 రోజుల రుజువు, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ మీద సాక్ష్యం కూడా. గిగ్ కార్మికుల కోసం 2023లో రాజస్థాన్ దేశంలో మొదటి చట్టం చేసింది. మన ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ముసాయిదా జనం ముందు పెట్టింది. కారణం రాసివ్వకుండా ఐడీ బ్లాక్ చేస్తే అడిగే అధికారి ఒకరు లేకపోతే ఏ చట్టమైనా బండి నడిపేవాడికి అక్కరకు రాదు.

అపార్ట్‌మెంటు అసోసియేషన్లు దేనికోసమూ ఆగనక్కర్లేదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్నవాళ్లే చెల్లించాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచే ఉంది. ఈసారి ఏజెన్సీ రెన్యూవల్‌కు వచ్చినప్పుడు మూడు షిఫ్టులకు కొటేషన్ అడగండి. గార్డుల పేర్లతో ఉన్న పీఎఫ్ చలానా, ఈఎస్ఐ నంబర్లు ప్రతి నెలా బిల్లుతో పాటు తెమ్మనండి, అవి లేని బిల్లు మీద ట్రెజరర్ సంతకం పెట్టకూడదని మినిట్స్ బుక్కులో రాయండి.